ఫెరారీ ఎఫ్50లో ఉన్నది నిజంగా ఫార్ములా వన్ ఇంజనేనా?

బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "ఫెరారీ ఎఫ్50లో ఫార్ములా వన్ ఇంజన్ పెట్టారంటారు. నిజమా, పబ్లిసిటీయా? నిజమైతే దానికంటే పాతదైన ఎఫ్40నే అందరూ ఎందుకు నెత్తిన పెట్టుకుంటారు? అసలు 349 కార్లే ఎందుకు చేశారు? ఇంకొక్కటి కలిపి 350 చేస్తే ఏం పోయేది?"

ముందు సూటిగా చెప్పేస్తాను. ఇంజన్ పుట్టింది ఫార్ములా వన్‌లోనే, కానీ రోడ్డు మీదికి వచ్చేసరికి అది వేరే ఇంజన్ అయిపోయింది. నన్నడిగితే ఫార్ములా వన్ నుంచి ఈ కారులోకి పెద్దగా మార్పు లేకుండా వచ్చింది ఇంజన్ కాదు, ఇంజన్ని బిగించిన పద్ధతి. ఈ కారుకు దక్కిన పొగడ్తలూ తిట్లూ రెండూ సగానికి సగం అక్కడినుంచే వచ్చాయి. 349 కథ చిన్నది, చివర్లో చెబుతాను.

నేనెవరో రెండు ముక్కలు. మాది నరసరావుపేట. మా మేనమామకి ట్రాక్టర్ షెడ్డు ఉండేది, పని నేర్చుకున్నది అక్కడే. తరువాత దుబాయ్ వచ్చి అల్ కూజ్‌లో ఇటాలియన్ కార్లు చూసే ఒక ప్రైవేటు వర్క్‌షాప్‌లో చేరాను. ఇరవై ఏళ్ళు దాటింది. ఇంత కాలంలో నా చేతుల మీదుగా విప్పి బిగించిన ఎఫ్50లు మూడే మూడు. ప్రపంచంలోనే 349 ఉంటే మూడంటే తక్కువేం కాదనుకోండి. కంపెనీ మనిషిని మాత్రం కాదు, పానా పట్టుకున్నవాడిగా చెబుతున్నాను.

ఇంజన్ వంశం ఏమిటి?

1990 సీజన్‌లో ఫెరారీ ఫార్ములా వన్ కారు పేరు 641. నడిపినవాళ్ళు ఎలన్ ప్రోస్ట్, నైజెల్ మాన్సెల్. ఆ ఏడాది ఆరు రేసులు గెలిచింది: ప్రోస్ట్ అయిదు, మాన్సెల్ ఒకటి. అందులో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి ఫెరారీకి ఫార్ములా వన్‌లో నూరో గెలుపు. టైటిల్ మాత్రం జపాన్‌లోని సుజుకా రేసులో మొదటి మలుపులోనే ప్రత్యర్థి సెన్నా వచ్చి ప్రోస్ట్‌ని గుద్దడంతో పోయింది. ఆ కారులో ఉన్నది 3.5 లీటర్ల వీ12 (V ఆకారంలో పేర్చిన పన్నెండు సిలిండర్ల ఇంజన్), రెండు వరసల సిలిండర్ల మధ్య కోణం 65 డిగ్రీలు, ఒక్కో సిలిండర్‌కు అయిదు వాల్వులు.

ఎఫ్50 ఇంజన్ కూడా వీ12, అదే 65 డిగ్రీలు, అవే అయిదు వాల్వులు (మూడు గాలి లోపలికి పోవడానికి, రెండు పొగ బయటికి), మొత్తం 60. పిస్టన్లను పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్లు టైటానియం. డ్రై సంప్, అంటే ఆయిల్ ఇంజన్ కింద గిన్నెలో ఉండదు, విడిగా ట్యాంకులో ఉంటుంది. అందుకని ఇంజన్ని నేలకు బాగా దగ్గరగా పెట్టొచ్చు. ఇంతవరకు వంశం స్పష్టంగా కనిపిస్తుంది.

తేడా ఎక్కడ వచ్చింది? మీరు మెకానికల్ కాబట్టి లెక్క వేసి చూపిస్తా. రేసు ఇంజన్ బోర్ (సిలిండర్ వెడల్పు) 84 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 52.6. ఎఫ్50కి బోర్ 85, స్ట్రోక్ 69. బోర్ దాదాపు అంతే ఉంది, స్ట్రోక్ మాత్రం బాగా పెంచారు. అలా 3.5 లీటర్లు 4.7 లీటర్లయింది. ఎందుకు పెంచారు? రేసు ఇంజన్ 13 వేల ఆర్‌పీఎమ్ (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర్లో బతుకుతుంది, కింద దానికి ఊపిరే ఉండదు. సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ కదలాల్సిన బండికి అది పనికిరాదు. ఎఫ్50 గరిష్ఠ శక్తి 520 హార్స్‌పవర్, అది 8,500 దగ్గర వస్తుంది. టార్క్, అంటే తిప్పే బలం, 471 న్యూటన్ మీటర్లు, 6,500 దగ్గర.

ఇప్పుడు పిస్టన్ సగటు వేగం చూడండి. స్ట్రోక్‌ని రెండుతో, ఆర్‌పీఎమ్‌తో గుణించి 60తో భాగిస్తే ఎఫ్50కి సెకనుకు 19.5 మీటర్లు వస్తుంది. రేసు ఇంజన్‌కు 13 వేల దగ్గర 22.8. తేడా ఇంతేనా అనిపిస్తుంది కదా? కానీ పిస్టన్ పైకి పోయి ఆగి వెనక్కి తిరిగేటప్పుడు రాడ్ మీద పడే లాగుడు ఆర్‌పీఎమ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆ లెక్క వేస్తే రేసు ఇంజన్‌లో ఒక్కో కిలో బరువు మీద పడే బలం దాదాపు 1.8 రెట్లు. అప్పట్లో ఫార్ములా వన్ ఇంజన్ ఒక రేసు తట్టుకుంటే చాలు, అంటే 300 కిలోమీటర్ల చిల్లర. తరువాత విప్పి మళ్ళీ కట్టేవాళ్ళు. ఎఫ్50 కొన్నవాడు 300 కిలోమీటర్లకొకసారి ఇంజన్ విప్పించుకుంటాడా?

ఇంకో మార్పు: వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టులను తిప్పడానికి రేసు ఇంజన్‌లో గేర్లుంటే, రోడ్డు ఇంజన్‌లో చైన్లు పెట్టారు. గేర్ల మోత చెవి పక్కన భరించలేం. అలాగని చైన్లతో నిశ్శబ్దంగా ఉంటుందనుకోకండి, దాని సంగతి కింద చెబుతాను.

ఒక తమాషా కూడా ఉంది. స్టీరింగ్ వెనక ప్యాడిల్స్‌తో గేర్లు మార్చే పద్ధతి ఫార్ములా వన్‌లోకి తెచ్చింది ఫెరారీయే, 1989లో. 641లోనూ అదే. కానీ "రోడ్డు మీద ఫార్ములా వన్" అని అమ్మిన ఎఫ్50లో మాత్రం చేత్తో వేసే ఆరు గేర్ల లివర్! ప్యాడిల్స్ రోడ్డు కారుకు వచ్చింది 1997లో, ఎఫ్355తో. నాకైతే ఇదే బాగుంది, అది వేరే సంగతి.

అసలు సంగతి: కారుకు వెనక ఛాసిస్ లేదు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

మామూలు కారులో ఇంజన్ ఒక బరువు. ఛాసిస్ దాన్ని మోస్తుంది. మధ్యలో రబ్బరు మౌంట్లుంటాయి, ఇంజన్ వణుకు వాటిలో ఇంకిపోతుంది. ఎఫ్40లో కూడా స్టీలు గొట్టాలతో అల్లిన ఫ్రేమ్ ఉంది, ఇంజన్ ఆ ఫ్రేమ్ మధ్యలో కూర్చుంటుంది.

ఎఫ్50లో అలా కాదు. ముందు భాగం, మనిషి కూర్చునే చోటు అంతా కలిపి ఒకే కార్బన్ ఫైబర్ తొట్టి. దాని బరువు 102 కిలోలు. ఆ తొట్టి సీట్ల వెనక గోడతో అయిపోతుంది. ఆ గోడకి ఇంజన్ని నేరుగా బోల్టులతో బిగించారు. ఇంజన్ వెనక గేర్‌బాక్స్. వెనక చక్రాల సస్పెన్షన్ ఆ గేర్‌బాక్స్‌కే తగిలించారు. చక్రం గుంటలో పడితే ఆ దెబ్బ గేర్‌బాక్స్ నుంచి ఇంజన్ బ్లాక్‌లోకి, అక్కడినుంచి తొట్టిలోకి పోవాల్సిందే, వేరే దారి లేదు. అంటే ఇంజన్ ఇక్కడ మోయబడే బరువు కాదు, మోసే దూలం.

ఫార్ములా వన్‌లో ఈ పద్ధతిని స్థిరపరిచింది 1967లో లోటస్ 49. కానీ ఈ ఆలోచన రేసు కార్లది కాదు, ట్రాక్టర్లది! 1917 నాటి ఫోర్డ్‌సన్ ట్రాక్టర్‌కు విడిగా ఫ్రేమ్ లేదు. ఇంజన్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ పోతలను ఒకదానికొకటి బిగిస్తే అదే ట్రాక్టర్. మన ఊళ్ళలో తిరిగే ట్రాక్టర్లు చాలావరకు ఇప్పటికీ అంతే. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ నుంచి కార్లలోకి వచ్చినవాడు లంబోర్గినీ అని అందరూ చెప్పుకుంటారు గానీ, ట్రాక్టర్ లాగా కట్టిన కారు మాత్రం ఫెరారీ వాళ్ళదే.

మా మామయ్య షెడ్డులో క్లచ్ ప్లేటు మార్చాలంటే ట్రాక్టర్‌ని బెల్ హౌసింగ్ (ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్ ఉండే పెట్టె) దగ్గర రెండు ముక్కలు చేసేవాళ్ళం. ముందు యాక్సిల్ మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది కాబట్టి రెండు వైపులా చెక్క ముక్కలు దిగ్గొట్టేవాళ్ళం, లేకపోతే విడిపోగానే ఇంజన్ సగం పక్కకు ఒరిగిపోతుంది. ఇంజన్ కింద దిమ్మలు, గేర్‌బాక్స్ కింద జాకీ, పైన చైన్ పుల్లీ. బోల్టులన్నీ ఊడదీశాక ఇద్దరం వెనక టైర్లను చేత్తో తోసుకుంటూ మెల్లగా వెనక్కి జరిపేవాళ్ళం. షాఫ్టు బయటికి జారేటప్పుడు "టక్" మనే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

దుబాయ్‌లో మొదటిసారి ఎఫ్50 విప్పిన రోజు ఏం చేశామో తెలుసా? అదే! తొట్టి కింద దిమ్మలు, వెనక భాగం కింద ట్రాలీ. వైర్లు, ఆయిల్ పైపులు, నీళ్ళ పైపులు, క్లచ్ లైను, ఒక్కొక్కటి విప్పి టేపు మీద పేరు రాసి పక్కన పెట్టడానికే రోజు పట్టింది. చివరికి బోల్టులు తీసి ట్రాలీని వెనక్కి లాగితే, ఇంజన్, గేర్‌బాక్స్, వెనక చక్రాలు, స్ప్రింగులు అన్నీ కలిసి ఒక రెండు చక్రాల బండిలా బయటికొచ్చేశాయి. ముందు మిగిలింది ముందు చక్రాలూ సీట్లూ ఉన్న ఒక నల్లటి తొట్టి. మా హెడ్ టెక్నీషియన్ ఇటలీలో ఫెరారీ పుట్టిన మోదెనా వైపు మనిషి. నేను నవ్వుతుంటే ఎందుకని అడిగాడు. "మా ఊళ్ళో దీన్ని పదిహేనేళ్ళ వయసులో చేశాను" అన్నాను. నమ్మలేదు. ఫోన్‌లో ట్రాక్టర్ ఫోటో చూపిస్తే అప్పుడు ఆయన కూడా నవ్వాడు.

ఆ తొట్టి వెనక గోడ దగ్గరగా చూస్తే తెలుస్తుంది ఎంత జాగ్రత్తగా చేశారో. బోల్టు నేరుగా కార్బన్‌లోకి పోదు. కార్బన్ పొరలకు మర దిగితే పొడి పొడి అయిపోతుంది. అందుకని బోల్టు పడే చోట్ల అల్యూమినియం మిశ్రమ లోహపు దిమ్మలు తొట్టిలో అతికించి ఉంటాయి, మర వాటికే. బోల్టు బిగించే బలం ఆ దిమ్మ నుంచి జిగురు ద్వారా కార్బన్‌లోకి విస్తరిస్తుంది. అందుకే ఈ కారులో టార్క్ రెంచి లేకుండా అంచనా మీద బిగించడం నేరం. ట్రాక్టర్‌కు ఇంకో పట్టు పట్టినా ఏమీ కాదు. ఇక్కడ దిమ్మ కదిలిందంటే తొట్టికే ఎసరు.

ఇంజన్ బ్లాక్ అల్యూమినియం కాక పోత ఇనుముతో ఎందుకు చేశారో ఇప్పుడు అర్థమవుతుంది. అది నాడ్యులర్ ఐరన్, అంటే లోపలున్న గ్రాఫైట్ రేకుల్లా కాక గుండ్రటి గింజల్లా ఉండే ఇనుము. రేకులుంటే వాటి అంచుల దగ్గర పగులు మొదలవుతుంది, గింజలుంటే పగులు ఆగుతుంది. మన శ్రీకాళహస్తి దగ్గర తయారయ్యే నీళ్ళ డీఐ (డక్టైల్ ఐరన్) పైపులు ఈ జాతి ఇనుమే. కొంచెం బరువెక్కినా, పల్చటి గోడలతో గట్టిగా, మెలి తిరగకుండా పోయొచ్చు. ఇంజన్ దూలంగా పనిచేయాలంటే ఆ బిగువు కావాలి.

దీనికి తోడు సస్పెన్షన్ కీళ్ళలో కూడా రబ్బరు బుష్‌లు లేవు, లోహపు బాల్ జాయింట్లే. స్ప్రింగులు చక్రం పక్కన కాక లోపల అడ్డంగా పడుకుని ఉంటాయి, చక్రం కదలికను అందించే పుష్‌రాడ్లనే కడ్డీలు వాటిని నొక్కుతాయి. ఇదీ రేసు కారు పద్ధతే. స్టీరింగ్‌కు పవర్ లేదు, బ్రేకులకు బూస్టర్ లేదు, చక్రాలు జారకుండా ఆపే ఏబీఎస్ లేదు. కిటికీ అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. ఏసీ మాత్రం ఉంది, ఆ మాత్రం దయ చూపించారు.

మరి తిట్లెందుకు?

రబ్బరు లేదు కాబట్టి. ఇంజన్ వణుకంతా తొట్టిలోకే పోతుంది. వీణలో తీగల కంపనం కుండలోకి ఎలా పోతుందో అలాగే. తేడా ఏమిటంటే మీరు ఆ కుండలోపల కూర్చుని ఉంటారు. 5,000 ఆర్‌పీఎమ్ దాటాక అది చెవితో వినే చప్పుడు కాదు, వీపుతో వినేది.

ఒకసారి ఒకాయన అప్పుడే కొన్న ఎఫ్50 తెచ్చారు. "ఇంజన్ మౌంట్లు పోయినట్టున్నాయి, అద్దంలో వెనక ఏమీ కనబడటం లేదు, అంతా అదురుతోంది. మౌంట్లన్నీ మార్చండి, ఖర్చెంతైనా సరే" అన్నారు. ఆయనకు ఒకే మాట చెప్పాం: "సార్, ఉంటే కదా మార్చడానికి!" ఆయన ముందు మమ్మల్ని నమ్మలేదు, ఇంకో చోట కూడా అడిగారు. ఆ వేరే చోట వాళ్ళు మౌంట్లు తెప్పిస్తామని అడ్వాన్సు కూడా తీసుకున్నారట. తరువాత మళ్ళీ మా దగ్గరికే వచ్చారు, మౌంట్ల ఊసెత్తలేదు.

ఎఫ్40తో పోలిక సంగతి. 1987లో వచ్చిన ఎఫ్40కి 2.9 లీటర్ల వీ8, రెండు టర్బోలు, 478 హార్స్‌పవర్. కాగితం మీద ఎఫ్50 ముందుంది. కానీ ఎఫ్40 టార్క్ 577 న్యూటన్ మీటర్లు, అదీ 4,000 దగ్గరే. బరువు కంపెనీ లెక్కలో 1,100 కిలోలు, ఎఫ్50 1,230. టర్బో మేలుకోగానే ఎఫ్40 వెనకనుంచి తన్నినట్టు పోతుంది. ఎఫ్50 అలా తన్నదు. ఎక్సలరేటర్ ఎంత నొక్కితే అంతే ఇస్తుంది, పైకి పోయేకొద్దీ ఇస్తూనే ఉంటుంది. పక్కన కూర్చున్నవాడికి ఎఫ్40 భయంకరంగా అనిపిస్తుంది, నడిపేవాడికి ఎఫ్50 నమ్మకంగా అనిపిస్తుంది. ఎఫ్50ది గంటకు 325 కిలోమీటర్ల గరిష్ఠ వేగం, నూరు అందుకోవడానికి 3.9 సెకన్లలోపు. ఎఫ్40 చెప్పింది 324. ఎనిమిదేళ్ళ తరువాత వచ్చిన కారు ఒక్క కిలోమీటరు ఎక్కువ పోతే జనం ఏమంటారు?

పైగా కాలం కలిసిరాలేదు. 1995 మార్చిలో జెనీవాలో ఎఫ్50ని చూపించే నాటికి బ్రిటిష్ కంపెనీ మెక్‌లారెన్ చేసిన ఎఫ్1 అనే రోడ్డు కారు రోడ్ల మీద ఉంది: 627 హార్స్‌పవర్, ఇంకా ఎక్కువ వేగం. ఎఫ్40కి ఇంకో బలం కూడా ఉంది, కంపెనీ స్థాపకుడు ఎంజో ఫెరారీ బతికుండగా వచ్చిన చివరి కారు అది. ఆయన 1988 ఆగస్టులో పోయారు. ఆ సెంటిమెంటుతో ఏ ఇంజన్ పోటీపడగలదు? రూపం మీద కూడా అప్పట్లో ఒకటే విమర్శలు. పేరున్న ఇటాలియన్ డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనా గీసినా, ఎవరూ సరిగా మెచ్చుకోలేదు. ఆ ముందు బానెట్ మీద రెండు పెద్ద రంధ్రాలు అలంకారం కాదు, రేడియేటర్ గుండా వచ్చిన వేడిగాలి పైకి పోయే దారి. నాకు మొదట్లో నచ్చలేదు, దాని లోపల చూశాక నచ్చింది. ఇప్పుడు మార్కెట్ కూడా మారింది, ఎఫ్50 ధర ఎఫ్40 కంటే బాగా పైనే ఉంటోంది.

రేసుల్లో కూడా అదృష్టం లేకపోయింది. మెక్‌లారెన్ రేసు కార్ల మీద పోటీకని ఎఫ్50 జీటీ అని ఒకటి తయారుచేశారు, 750 హార్స్‌పవర్ దాకా. మూడు కార్లు పూర్తయ్యాక ప్రాజెక్టు ఆపేశారు. ఒక్క రేసులోనూ పరుగెత్తలేదు.

నిర్వహణ సంగతి (అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను)

పెట్రోలు ట్యాంకు లోహపు డబ్బా కాదు, రబ్బరు సంచి. లోపల స్పాంజి లాంటి ఫోమ్ ఉంటుంది, 105 లీటర్లు. అది సీట్ల వెనక, ఇంజన్ ముందు, కారు సరిగ్గా మధ్యలో ఉంది. పెట్రోలు తగ్గేకొద్దీ కారు తూకం ముందుకో వెనక్కో మారకూడదని అలా పెట్టారు. ఆలోచన బ్రహ్మాండం. కానీ రబ్బరుకు వయసుంటుంది, నడిపినా నడపకపోయినా. ఆ సంచి మార్చాలంటే పైన చెప్పిన కథంతా మళ్ళీ: కారుని రెండు ముక్కలు చేయాలి.

మేం విప్పిన మొదటి కారు దానికోసమే వచ్చింది. ఓనరు ఫిర్యాదు "ఎక్కువ స్పీడులో ఇంజన్ తడబడుతోంది" అని. అంతకుముందు చూసినవాళ్ళు స్పార్క్ ప్లగ్గులు, సెన్సర్లు మార్చి పెద్ద బిల్లు వేశారు. మేం ఫ్యూయల్ ఫిల్టర్ తీసి తెల్లటి గుడ్డ మీద బోర్లిస్తే కాఫీ పొడిలాంటి నలుసులు రాలాయి. వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా పొడి అయిపోయింది. ట్యాంకులోని ఫోమ్ ముసలిదై రాలిపోతోంది, అది పంపులకు అడ్డం పడుతోంది. మొత్తం కారు మీద 11 వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు! ఇలాంటి కార్లలో కిలోమీటర్లు కాదు, క్యాలెండరు చూడాలి.

ఆ పనిలో నేను చేసిన తప్పు కూడా చెబుతాను. అన్నీ విప్పేశామనుకుని ట్రాలీ లాగుతుంటే రెండు అంగుళాలు జరిగి ఆగింది. నేను ఇంకాస్త గట్టిగా లాగబోయాను. హెడ్ టెక్నీషియన్ చెయ్యి పట్టుకుని ఆపాడు. టార్చి వేసి చూస్తే పక్కన కనబడని చోట ఒక సన్నటి వైర్ల కట్ట క్లిప్పుకి తగులుకుని ఉంది. ఇంకో అంగుళం లాగి ఉంటే ఆ వైరింగ్ మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? ట్రాక్టర్ షెడ్డులో వచ్చిన ధైర్యం ఇక్కడ పనికిరాదని ఆ రోజు తెలిసింది.

గల్ఫ్‌లో ఇంకో బాధ ఉంది. ఎండ సరే, దానికి తోడు సముద్రపు తేమ. కార్బన్, అల్యూమినియం ఒకదానికొకటి తగులుతూ మధ్యలో ఉప్పు తేమ చేరితే చిన్న బ్యాటరీలా తయారవుతుంది, అందులో అరిగిపోయేది అల్యూమినియమే. అందుకని కారు విప్పినప్పుడల్లా లోహపు దిమ్మల చుట్టూ తెల్లటి బూజులాంటి పొడి ఉందేమోనని చూస్తాం. ఏసీ గ్యారేజీలో పెట్టిన వాటికి ఇప్పటిదాకా రాలేదు.

కొనేముందు చూసిపెట్టమని ఒకాయన తెచ్చిన కారు మా మూడోది. దాని ముందు భాగం ఎప్పుడో తగిలించి బాగు చేయించారు, పెయింటు అద్దంలా ఉంది. నేను ఒక దిర్హమ్ నాణెం తీసి తొట్టి మీద అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయాను. పొరలు గట్టిగా అతుక్కుని ఉంటే "టిక్ టిక్" అని పలుకుతుంది. విడిపోయిన చోట "డొబ్" మంటుంది, పుచ్చకాయ పండిందో లేదో తట్టి చూసినట్టే. డ్రైవర్ కాళ్ళ పక్కన అరచేయి అంత చోట శబ్దం మారింది. అల్ట్రాసౌండ్ పెట్టించాక పొరలు విడిపోయిన మాట నిజమేనని తేలింది. ఆయన కొనలేదు. నాణెం తట్టుడు అనుమానం తేవడానికి మాత్రమే, తీర్పు చెప్పడానికి కాదు. అది గుర్తుపెట్టుకోండి, ప్రాజెక్టులో రాసేటప్పుడు పనికొస్తుంది.

349 లెక్క

అప్పటి ఫెరారీ చైర్మన్ లూకా ది మోంతెజెమోలో చెప్పిన కారణం ఇది: ఈ కారుకు మార్కెట్లో 350 మంది కొనేవాళ్ళు ఉన్నారని లెక్క తేలింది, కాబట్టి ఒకటి తక్కువ చేస్తాం. గిరాకీ కంటే ఎప్పుడూ ఒక కారు తక్కువే చేయాలన్నది ఎంజో ఫెరారీ కాలం నుంచి వాళ్ళు చెప్పుకునే సూత్రం. ఎఫ్40 అప్పుడు ఇది పాటించలేదు. 400 అనుకున్నది 1,300 దాటింది. కొన్నవాళ్ళు అక్కడికక్కడే లాభానికి అమ్ముకున్నారు. అందుకే ఎఫ్50కి జాగ్రత్త పడ్డారు. అమెరికాలో అయితే మొదట అమ్మలేదు, రెండేళ్ళ లీజుకిచ్చారు. కారు మీ పేరు మీద లేకపోతే అమ్ముకోలేరు కదా! పేరులోని 50 కంపెనీ యాభై ఏళ్ళకి గుర్తు: మొదటి ఫెరారీ 1947లో వచ్చింది, ఎఫ్50 తయారీ 1997లో ముగించారు. 349లో దాదాపు 300 ఎరుపే. పసుపు 31. నలుపూ వెండి రంగూ చెరి నాలుగు. మా దగ్గరకొచ్చిన మూడూ ఎరుపే, పసుపుది చూడాలని నాకింకా ఉంది.

తరువాత 2002లో వచ్చిన ఎంజో మోడల్‌లో ఇంజన్ని ఇలా దూలంగా వాడలేదు. తొట్టి వెనక అల్యూమినియం సబ్‌ఫ్రేమ్ పెట్టి దానిలో ఇంజన్ కూర్చోబెట్టారు. ఓనర్ల వీపులు చెప్పిన మాట విన్నట్టున్నారు.

మీరు కింద ఇంకో చిన్న ప్రశ్న కూడా పెట్టారు, "ఇండియాలో ఎక్కడైనా చూడొచ్చా?" అని. ఎఫ్50లన్నీ ఎడమ స్టీరింగ్‌వే. మన దిగుమతి నియమాలు కుడి స్టీరింగ్ అడుగుతాయి. కాబట్టి రోడ్డు మీద కనబడుతుందని ఆశపెట్టుకోవద్దు. ఎప్పుడైనా ఇటలీ వెళితే మారనెల్లోలో ఫెరారీ మ్యూజియం ఉంది, పక్కనే మోదెనాలో ఇంకోటి ఉంది. కార్లు మారుస్తుంటారు, కాబట్టి ఏది ప్రదర్శనలో ఉందో ముందే కనుక్కుని వెళ్ళండి. ఈలోగా మీ ఊరికి దగ్గర్లో ఏదైనా ట్రాక్టర్ షెడ్డులో క్లచ్ పని పడిన రోజు చెప్పమనండి. పొద్దున్నే వెళ్ళాలి, పది గంటలకల్లా విడదీసేస్తారు. విడిపోయాక రెండు ముక్కల అంచుల మీద బోల్టు రంధ్రాల మధ్య గుండ్రటి డోవెల్ పిన్నులు కనిపిస్తాయి, వాటిని చూడండి. రెండు సగాలూ ఒకే గీత మీద కూర్చునేలా చేసేది అవే. బోల్టులు పట్టి ఉంచుతాయంతే. మేస్త్రీకి ఒక టీ చెప్పి, ముందు యాక్సిల్ దగ్గర చెక్క ముక్కలు ఎందుకు కొట్టాడో అడగండి.